కటకమూ మాటూ: వన్యప్రాణుల ఛాయాచిత్రణములో రెండు మార్గములు

అడవిలో స్వేచ్ఛగా తిరుగు జంతువును ఛాయాచిత్రములో పట్టు పని 130 ఏండ్లకు పైగా సాగుచున్నది. ఈ పనిలో మొదటి నుండి ఎదురగుచున్న చిక్కు ఒక్కటే. జంతువు మనిషిని దగ్గరకు రానీయదు. దూరము నుండి తీసిన బొమ్మ మరీ చిన్నదిగా పడును. దీని నుండి బయటపడుటకు రెండు మార్గములున్నవి. దూరమున ఉన్నదానిని పెద్దదిగా చూపు కటకమును సంపాదించుట మొదటిది. జంతువుకు తెలియకుండ దాని దగ్గరకు చేరుట, లేదా అది తనంత తానే దగ్గరకు వచ్చువరకు మాటు వేసి కూర్చుండుట రెండవది. మొదటిది కాంతిశాస్త్రము వలన సాధ్యమగును. రెండవదానికి జంతువుల అలవాట్లు తెలియవలెను. నేడు లక్షల రూపాయల ఖరీదు చేయు కటకములు దొరకుచున్నవి గనుక రెండవదానితో ఇక పని లేదని కొందరనుకొందురు. ఈ రెండు మార్గముల చరిత్రను చూచినచో విషయము అంత తేలికగా తెగునది కాదని తెలియును.

ఒక చిన్న లెక్క

ఛాయాపేటికలో పడు ప్రతిబింబము పరిమాణమును కట్టుట ఉన్నత పాఠశాల విద్యార్థులకు కష్టము కాదు. దూరముననున్న వస్తువు పొడవును కటకము యొక్క నాభ్యంతరముతో గుణించి, వస్తువు ఉన్న దూరముతో భాగించినచో ప్రతిబింబపు పొడవు దాదాపుగా వచ్చును. పిగిలిపిట్ట పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. అది 20 మీటర్ల దూరమున కొమ్మపై వాలినదనుకొందము. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరముగల సాధారణ కటకముతో దాని బొమ్మ అర మిల్లీమీటరు మాత్రమే ఉండును. 500 మిల్లీమీటర్ల కటకము పెట్టినచో 5 మిల్లీమీటర్లగును. సాధారణ కటకముతోనే 2 మీటర్ల దగ్గరకు చేరగలిగినను ఇంచుమించు అదే 5 మిల్లీమీటర్లు వచ్చును. అనగా నాభ్యంతరమును పది రెట్లు పెంచుటయు, దూరమును పదవ వంతుకు తగ్గించుటయు ప్రతిబింబపు పరిమాణము విషయములో ఒకటే.

అయితే ఖర్చు మాత్రము ఒకటి కాదు. కటక ద్వారపు వ్యాసము మారకుండ నాభ్యంతరము పది రెట్లు పెరిగినచో అదే వెలుతురు నూరు రెట్లు ఎక్కువ వైశాల్యమునకు పరచుకొనును. కావున ప్రతిబింబపు ప్రకాశము నూరవ వంతుకు పడిపోవును. సెకనులో నూరవ వంతు కాలము తెరచి ఉంచవలసిన షట్టరును అప్పుడు నిండు సెకను తెరచి ఉంచవలెను. ఒక సెకను కదలకుండ కూర్చుండు పిట్ట అరుదు. దీనికి తోడు చేతి వణుకు కూడ బొమ్మతోపాటు పది రెట్లు పెరిగి కనిపించును. ద్వారమును కూడ పది రెట్లు పెద్దది చేసినచో వెలుతురు తగ్గదు గాని, అంత పెద్ద గాజును లోపము లేకుండ చెక్కుట కష్టము. మోయుట కూడ కష్టమే.

దూరమును తగ్గించుటకు ఉన్న అడ్డంకి వేరు. అది భౌతికశాస్త్రములోనిది కాదు, జంతుశాస్త్రములోనిది. మనిషి ఒక హద్దు దాటి దగ్గరకు వచ్చినచో జంతువు పారిపోవును. స్విట్జర్లాండునకు చెందిన జంతుశాస్త్రజ్ఞుడు హైనీ హెడిగర్ (1908–1992) ఈ హద్దును శ్రద్ధగా పరిశీలించి దానికి పలాయన దూరము అనదగిన పేరు పెట్టినాడు. ఈ దూరము జాతిని బట్టి మారును. ఒకే జాతిలో కూడ అనుభవమును బట్టి మారును. ఊరి చెరువుగట్టుపై కొంగ రైతును చూచి కదలదు. వేట సాగుచోట అదే కొంగ చాల దూరముననే ఎగిరిపోవును. మాటు వేయు విద్య అంతయు ఈ పలాయన దూరమును తెలిసికొని, జంతువును భయపెట్టకుండ దానిని దాటు విద్యయే.

ఎద్దు తోలులో దాగిన సోదరులు

ఈ విద్యను ఛాయాచిత్రణములోనికి తెచ్చినవారిలో కీర్టన్ సోదరులు ముఖ్యులు. రిచర్డు (1862–1928), చెర్రీ (1871–1940) ఇంగ్లండులోని యార్కుషైరు కొండలలో థ్వెయిట్ అను పల్లెలో పుట్టినారు. చిన్ననాటనే పిట్టల గూళ్లు ఎక్కడుండునో, ఏ పిట్ట ఏ వేళకు గూటికి వచ్చునో చూచి నేర్చినారు. 1892లో లండను సమీపమున చెర్రీ ఒక గూటిని, అందలి గ్రుడ్లను ఛాయాచిత్రము తీసినాడు. 1895లో వారి బ్రిటిష్ పక్షుల గూళ్ల పుస్తకము వెలువడినది. ప్రకృతిని గూర్చిన పుస్తకములలో బొమ్మలన్నియు ఛాయాచిత్రములే అయిన మొదటి పుస్తకముగ దీనిని పేర్కొందురు. ఈ చిత్రముల కొరకు వారు త్రాళ్లు కట్టుకొని సముద్రపు కొండచరియలు దిగినారు, చెట్లు ఎక్కినారు.

గూడు కదలదు గనుక దానిని తీయుట సులభము. పిట్టను తీయుటయే కష్టము. దాని కొరకు సోదరులు తమ పరిసరములనే పరికరములుగా మార్చుకొన్నారు. పచ్చికబయలులో పశువులు మేయుట పిట్టలకు అలవాటైన దృశ్యము. కావున 1900లో వారు ఒక ఎద్దు తోలును లోపల బోలుగా ఉండునట్లు నింపించి, దానిని పచ్చికలో నిలిపి, లోపల ఛాయాపేటికతో దాగినారు. తోలులోని చిన్న రంధ్రము నుండి కటకము బయటకు చూచుచుండును. గొఱ్ఱె తోలుతో, కృత్రిమమైన రాతితో, చెట్టు మొద్దుతో కూడ ఇటువంటి మాటులు కట్టినారు. చూచినవారు నవ్వియుందురు గాని, ఇందులోని సూత్రము శాస్త్రీయమైనది. పిట్ట మనిషి ఆకారమునకు బెదరును. ఎద్దు ఆకారమునకు బెదరదు. ఆకారము మారినప్పుడు పలాయన దూరము కూడ మారును.

గుడ్డతో కట్టిన మాటు గుడారములు తరువాత ఎక్కువ వాడుకలోనికి వచ్చినవి. వాటిని ఒక్కసారిగా గూటి ప్రక్కన నిలుపరాదు. మొదట దూరమున కట్టి, పిట్ట దానికి అలవాటు పడిన కొలది రోజుకు కొంచెము కొంచెముగా దగ్గరకు జరుపవలెను. గుడారములోనికి ఇద్దరు కలిసి వెళ్లి, ఒకరు అందరకు కనిపించునట్లు తిరిగి వచ్చివేయుట మరియొక ఉపాయము. అనేక జాతుల పిట్టలు వచ్చిన మనుష్యులను, వెళ్లిన మనుష్యులను లెక్కపెట్టలేవు. వచ్చిన అపాయము తొలగినదని తలచి గూటికి వచ్చును.

దూరకటకము పుట్టుక

కీర్టన్ సోదరులు తమ మొదటి గూటిని చిత్రించుటకు ముందు ఏడే దూరకటకము కూడ పుట్టినది. 1891లో లండనులో థామస్ రుడాల్ఫస్ డాల్‌మేయర్, జర్మనీలో అడాల్ఫ్ మీతె, అడాల్ఫ్ స్టైన్‌హైల్ ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ దీనిని రూపొందించినారు. ఇందులో ముందు కుంభాకార కటకము, వెనుక పుటాకార కటకము ఉండును. ముందరి కటకము కిరణములను ఒకచోటికి చేర్చుచుండగా, వెనుకటిది వాటిని కొంత విప్పి, కలయిక స్థానమును వెనుకకు నెట్టును. దీని వలన పొడవైన నాభ్యంతరము పొట్టి గొట్టములోనే లభించును. గెలీలియో దూరదర్శినిలోని ఏర్పాటునకు ఇది చుట్టము.

కోటల గోపురములను, దూరపు కొండలను తీయుటకు ఇది చక్కగా పనికివచ్చినది. జీవించి కదలు జంతువులకు మాత్రము ఆ దినములలో అంతగా పనికిరాలేదు. పైన చెప్పిన లెక్కయే దీనికి కారణము. అప్పటి గాజు ప్లేట్లు నేటి ఫిలిము కంటెను చాల మందకొడివి. దూరకటకములో వెలుతురు తక్కువ. అందుచేత తొలి ముప్పది నలుబది ఏండ్లలో వన్యప్రాణి చిత్రకారులు ఎక్కువగా మాటునే నమ్ముకొనవలసి వచ్చినది. 1909లో తూర్పు ఆఫ్రికాకు వెళ్లిన రాడ్‌క్లిఫ్ డగ్‌మోర్ తనపైకి దూకుచున్న ఖడ్గమృగమును 15 గజముల దూరమునుండి చిత్రించినాడు. తోడుగా నున్నవాని తుపాకి దెబ్బయే దానిని మరల్చినది. ఇట్టి చిత్రములు ఎల్లరు తీయగలిగినవి కావు, తీయదగినవియు కావు.

మనిషి లేకుండ తీసిన చిత్రములు

ఇంతలో మూడవ ఉపాయమొకటి బయలుదేరినది. మనిషి దగ్గరకు పోకుండ, ఛాయాపేటికను మాత్రమే దగ్గర ఉంచుట దీని సారము. అమెరికాలో న్యాయవాదియైన జార్జి షైరాస్ (1859–1942) మిషిగన్ ప్రాంతపు సరస్సులలో రాత్రివేళ పడవపై తిరిగి లేళ్లను చిత్రించినాడు. పడవ ముందుభాగమున దీపము పెట్టినచో నీటిగట్టున లేడి ఆ వెలుగు వైపే చూచుచు నిలిచిపోవునని ఒజిబ్వే తెగ వేటగాండ్రకు ముందే తెలియును. షైరాస్ వారి పద్ధతిని నేర్చి, తుపాకికి బదులు మెగ్నీషియము వెలుగును, ఛాయాపేటికను వాడినాడు. జంతువు త్రాటిని తగిలినంతనే దానంతటదే చిత్రము పడు ఏర్పాటును కూడ చేసినాడు. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన చిత్రములను 74 ప్రచురించినది. శాస్త్రపత్రిక బొమ్మల పుస్తకమగుచున్నదని ఆ సంస్థ పాలకవర్గములోని ఇద్దరు రాజీనామా ఇచ్చినారు. ఆఫ్రికాలో జర్మను దేశీయుడు షిల్లింగ్స్ (1865–1921) పగటివేళ దూరకటకమును, రాత్రివేళ మెరుపు వెలుగును రెండింటిని వాడినాడు. సింహముల కొరకు పశువులను ఎరగా కట్టుట ఆయన పద్ధతి. ఆ పశువులు ప్రాణములిచ్చుట వలననే ఆ చిత్రములు వచ్చినవి.

మన దేశములో ఈ మార్గమున పేరుపొందినవాడు అటవీశాఖాధికారి ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ (1893–1970). సంయుక్త రాష్ట్రములలో, శివాలిక్ కొండల అడవులలో ఆయన పనిచేసినాడు. పులి రాత్రివేళ ముళ్లపొదలలో కంటె నడచుటకు హాయియైన బాటలలో, ఎండిన వాగులలో తిరుగుటకు ఇష్టపడును. ఏ బాటను ఏ పులి తరచుగా వాడుచున్నదో పాదముద్రలను బట్టి కనుగొని, అక్కడ సన్నని తీగను అడ్డముగా కట్టి, పులి కాలు తగులగనే వెలుగు మెరసి చిత్రము పడునట్లు చేసినాడు. ఆయన పుస్తకము పులుల దేశములో ఛాయాపేటికతో తిరుగుటను వర్ణించుచు 1927లో వెలువడినది. ఒక పులి చారలు మరియొక పులి చారలను పోలవని, చారలను బట్టి ఒక్కొక్క పులిని గుర్తింపవచ్చునని ఈ చిత్రముల వలన ఆయన గ్రహించినాడు.

ఇందలి విశేషమును గమనింపవలెను. చాంపియన్ వాడిన కటకము దూరకటకము కాదు. పులికి అది కొద్ది అడుగుల దూరమునే ఉన్నది. అయినను దానిని ఎక్కడ పెట్టవలెనో చెప్పినది కటకము కాదు, బురదలోని అడుగుజాడ.

కటకము పెరిగిన కాలము

1930ల నుండి పరిస్థితి మారసాగినది. 1936లో 35 మిల్లీమీటర్ల ఫిలిముతో పనిచేయు ఎక్సాక్టా ఛాయాపేటిక వచ్చినది. కటకము చూచుచున్న దృశ్యమునే అద్దము ద్వారా చిత్రకారుడు చూచుటకు అందులో వీలున్నది. పొడవైన కటకములకు ఇది మిక్కిలి అనుకూలము. అదే ఏడు బెర్లిన్ ఒలింపిక్ క్రీడల సందర్భమున 180 మిల్లీమీటర్ల సొన్నార్ కటకము వెలుతురును ధారాళముగా ఇచ్చునట్లు తయారైనది. ఫిలిము వేగము పెరిగినది. 1969లో రంగుల అంచులను తగ్గించు ఫ్లోరైటు స్ఫటికమును ఉపయోగించిన 300 మిల్లీమీటర్ల కటకమును జపానులో కానన్ సంస్థ వెలువరించినది. 1985లో మినోల్టా ఛాయాపేటికతో నాభీకరణము తనంత తాను జరుగుట సర్వసాధారణము కాసాగినది. 1995లో చేతి వణుకును కటకములోనే సరిచేయు ఏర్పాటు వచ్చినది. తరువాత ఫిలిము స్థానమును ఆక్రమించిన ఎలక్ట్రానిక్ ఫలకములు మసక వెలుతురులో కూడ చిత్రము తీయగలవు. 1891లో దూరకటకమునకు ఉండిన లోపములు ఇట్లు ఒక్కొక్కటిగా తీరినవి.

తీరని లోపములు కూడ కొన్ని కలవు. ఎండకు కాగిన నేలపై వేడిగాలి పొరలుగా లేచునప్పుడు వాటి వక్రీభవన గుణకములు మారుచుండును. ఎంత మంచి కటకమైనను ఆ గాలిలోనుండియే చూడవలెను గనుక దూరపు జింక అంచులు నీటిలోవలె అల్లాడును. ఎంత పొడవైన కటకమునకైనను అడ్డమున్న కొమ్మ అడ్డమే. పిట్ట 60 మీటర్లలో ఉన్నచో 600 మిల్లీమీటర్ల కటకముతో పిగిలిపిట్ట బొమ్మ 2 మిల్లీమీటర్లు మాత్రమే ఉండును. 10 మీటర్లకు చేరినచో 12 మిల్లీమీటర్లగును. తక్కిన 50 మీటర్లను కొనుటకు అంగడిలో దొరకు సాధనము లేదు. గాలి ఎటు వీచుచున్నదో చూచుకొని, జింకకు మనిషి వాసన తగులకుండ ఎదురుగాలిలో నడచుట, ఎండ వీపున పడునట్లు చోటు ఎంచుకొనుట, పిట్ట నీటికి వచ్చు వేళ తెలియుట, వీటితోనే ఆ దూరము తగ్గును.

మన దేశములో ఎం. కృష్ణన్ (1912–1996) జీవితము దీనికి మంచి సాక్ష్యము. ఆయన తమిళనాటి ప్రకృతి పరిశీలకుడు. స్టేట్స్‌మన్ పత్రికలో 1950 నుండి మరణించువరకు ప్రకృతిని గూర్చి వ్రాసినాడు. వేరువేరు భాగములను కూర్చి తానే తయారు చేసికొన్న బరువైన ఛాయాపేటికకు సూపర్ పాండెరోసా అని వేడుకగా పేరు పెట్టుకొన్నాడు. దానితో నలుపు తెలుపులలో ఏనుగుల మందలను, అడవి దున్నలను చిత్రించినాడు. ఆ బొమ్మలలో ఏనుగు ఒక్కటియే గాక, అది మేయు చెట్టు, దాని ప్రక్కనున్న పిల్ల, మందలోని వరుస కూడ కనిపించును. జంతువు ఏమి చేయబోవుచున్నదో ముందే తెలిసినవాని చిత్రములవి.

ఎవరి క్షేమము కొరకు?

ఇంతవరకు చెప్పినది చిత్రపు నాణ్యతను గూర్చి. అంతకంటె ముఖ్యమైనది జంతువు క్షేమము. ఈ విషయములో దూరకటకము చేసిన మేలు పెద్దది. గూటి ప్రక్కన గుడారము వేసినచో, మరుగైన కొమ్మలను వంచి కట్టినచో, తల్లి గూటిని విడిచిపోవచ్చును. తెరపైబడిన గ్రుడ్లను కాకి తినవచ్చును. ఎండకు పిల్లలు చావవచ్చును. మాటు విద్యలో ఆరితేరినవారు కూడ ఈ తప్పులు చేయకపోలేదు. చిత్రకారునకు కూడ అపాయము లేకపోలేదు. ఇంగ్లండు పక్షి చిత్రకారుడు ఎరిక్ హాస్కింగ్ (1909–1991) 1937లో వేల్సులో ఒక గుడ్లగూబ గూటి వద్దకు రాత్రివేళ వెళ్లగా ఆ పక్షి గోళ్లతో కొట్టి ఆయన ఎడమ కన్ను పోగొట్టినది. పిల్లలను కాపాడుకొను తల్లికి ఆ హక్కు కలదు. బ్రిటనులో 1981 నాటి చట్టము ప్రకారము అరుదైన పక్షులను గూటి వద్ద కలతపెట్టుట నేరము.

అయితే దూరము నుండి తీసినంత మాత్రమున కలత కలుగదని చెప్పుటకు వీలు లేదు. పొడవైన కటకము చేతనున్నవాడు పలాయన దూరమును ఎరుగనిచో ఇంకొక అడుగు, ఇంకొక అడుగు అని ముందుకు పోవును. పిట్ట ఎగిరిపోవుటకు ముందే మెడ నిక్కించును, మేత మానును, అరచును. ఆ గుర్తులు తెలిసినవాడు అక్కడనే ఆగును. కావున కటకము దూరమును ఇచ్చును గాని, ఎంత దూరము చాలునో చెప్పలేదు. దానిని చెప్పునది జంతువును గూర్చిన జ్ఞానమే.

జాడ ఒక్కటియే చాలునా?

ఎదుటి పక్షమును కూడ వినవలెను. అడుగుజాడల జ్ఞానమునే నమ్ముకొన్నచో ఏమగునో మన దేశపు పులుల లెక్క తెలిపినది. 1966లో ఒడిశా అటవీశాఖాధికారి ఎస్. ఆర్. చౌధురి పాదముద్రలను అద్దముపై గీసి పులులను లెక్కించు పద్ధతిని ప్రవేశపెట్టినాడు. దశాబ్దములపాటు అదే సాగినది. 2005 నాటికి రాజస్థానులోని సరిస్కాలో పులులు పూర్తిగా లేకుండ పోయినవని బయటపడినది. ఈ పద్ధతిపై నమ్మకము సడలి, దాని స్థానమున చాంపియన్ మార్గమునకు వారసమైన పద్ధతి దేశమంతట వచ్చినది. పులి దారిన పోవగనే తనంత తాను చిత్రము తీయు పేటికలను నిలిపి, చారలను బట్టి పులులను వేరుచేసి లెక్కకట్టుట ఈ పద్ధతి. ఉల్లాస్ కారంత్ 1990లలో కర్ణాటకలోని నాగరహొళెలో దీనిని గణితశాస్త్ర సహాయముతో నిలబెట్టినాడు. 2018 నాటి జాతీయ గణనలో 26,838 చోట్ల ఇట్టి పేటికలుంచగా 2,461 పులులు వేరువేరుగా గుర్తింపబడినవి. ఇక్కడ యంత్రము సాక్ష్యమిచ్చినది. కాని యంత్రమును ఏ బాట ప్రక్కన నిలుపవలెనో నిర్ణయించుటకు నేటికిని అడుగుజాడలనే చూతురు.

ఈ రెండు విద్యలు కలిసి పనిచేసిన ఉదాహరణము తెలుగునాటనే కలదు. కలివికోడి రాత్రి తిరుగు పక్షి. చిట్టడవిలో నేలపై నడచును. 1848లో సైనిక వైద్యుడు జెర్డన్ దీనిని శాస్త్రలోకమునకు ఎరుకపరచినాడు. 1900 తరువాత ఎవరికిని కానరాక అంతరించినదనుకొన్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల ప్రాంతమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారికి ఇది తిరిగి దొరకినది. దానిని పేరు పెట్టి ఎరిగిన స్థానికుల సహాయము లేనిదే అది సాధ్యమయ్యెడిది కాదు. ఆ తరువాత చీకటిలో పొదల నడుమ సంచరించు ఈ పక్షి ఎక్కడెక్కడ ఉన్నదో తెలిసికొనుట ఎట్లు? ఏ దూరకటకమును ఇక్కడ పనిచేయదు. పరిశోధకులు పొదల మధ్య సన్నని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారి దానిపై పడిన అడుగులను పరిశీలించినారు. ప్రక్కనే తనంత తాను చిత్రము తీయు పేటికలను ఉంచి, ఆ అడుగులు కలివికోడివే అని రుజువు చేసికొన్నారు. ఈ పద్ధతి 2002లో ప్రకటింపబడినది. మట్టిపై జాడ చోటును చూపినది. ఛాయాచిత్రము దానిని నిర్ధారించినది.

విద్యార్థులు చేయదగిన పని

ఈ చరిత్రలోని ముఖ్య విషయమును పరీక్షించుటకు కటకము కూడ అక్కరలేదు. పాఠశాల ఆవరణలో మేయు ఒక గోరింకను ఎంచుకొని, ఒక విద్యార్థి నిదానముగా, సమానమైన అడుగులతో దానివైపు నడవవలెను. అది మేత మాని తల ఎత్తినప్పుడు నేలపై ఒక గుర్తు, ఎగిరినప్పుడు మరియొక గుర్తు ఉంచవలెను. పిట్ట ఉండిన చోటికి ఆ రెండు గుర్తుల నుండి గల దూరములను టేపుతో కొలిచి వ్రాసికొనవలెను. కాకికి, కొంగకు, ఉడుతకు కూడ ఇట్లే చేసి, ఊరిలోని కాకికిని పొలములోని కాకికిని గల తేడాను పోల్చవచ్చును. గూడు ఉన్న చోటికి మాత్రము పోరాదు. పది దినముల కొలతలు చేరిన తరువాత పైన చెప్పిన లెక్కలో ఆ దూరములను వేసి చూచినచో, ఏ పిట్టను ఏ కటకముతో, దానికి కలత కలుగకుండ, ఎంత పెద్దదిగా చిత్రింపవచ్చునో కాగితముపైననే తేలును. తల ఎత్తిన దూరము వద్దనే ఆగుట అలవాటైన విద్యార్థి, మున్ముందు ఎంత ఖరీదైన కటకము చేతికి వచ్చినను, దానిని పిట్టకు హాని కలుగకుండ వాడగలడు.